పిల్లల వార్డులో నర్సు: తీవ్ర అనారోగ్య సంరక్షణ

పెద్ద నగరాలు దాటితే, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో చాలామందికి వైద్యం జరిగేది ఐసీయూలో కాదు, మామూలు పిల్లల వార్డులోనే. న్యుమోనియాతో డొక్కలెగరేసే పసికందు, డెంగ్యూ జ్వరం దిగాక కాళ్లూ చేతులూ చల్లబడుతున్న పాప, ఫిట్స్ ఆగినా ఇంకా తెలివిలోకి రాని బాబు, తేలు కుట్టి చెమటలతో తడిసిపోయిన పిల్లవాడు ఇక్కడే ఉంటారు. వాళ్ల పక్క మంచాల మీద మామూలు విరేచనాలవాళ్లూ, రేపో మాపో ఇంటికి వెళ్లేవాళ్లూ ఉంటారు. అందరినీ చూసుకోవలసింది వార్డు నర్సు. డాక్టర్లు రౌండ్లకు వస్తారు, కబురు పెడితే వస్తారు. ఇరవై నాలుగు గంటలూ మంచాల మధ్య ఉండేది మాత్రం నర్సులే. పిల్లవాడి పరిస్థితి దిగజారుతున్న సంగతి ముందు వాళ్ల కళ్లకే కనబడాలి. వాళ్లు గమనించలేకపోతే చాలాసార్లు ఇంకెవరూ గమనించరు.

జహీరాబాద్, దాని పై ఆసుపత్రులు

తెలంగాణలో ఈ పరిస్థితికి మంచి ఉదాహరణ జహీరాబాద్. 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ పట్టణం 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. కోహిర్, న్యాల్కల్, ఝరాసంగం, రాయికోడ్, మొగుడంపల్లి మండలాల పల్లెలకూ తండాలకూ పెద్ద ప్రభుత్వ వైద్యశాల ఇక్కడి ఏరియా ఆసుపత్రే. చెరకు, అల్లం, ఆలుగడ్డ, పప్పుధాన్యాలు పండే ప్రాంతం ఇది. కూలి పనులకు తల్లిదండ్రులతో పాటు పిల్లలూ చేలకు వెళ్తుంటారు. వార్డులో తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ మాటలు ఒకేసారి వినిపిస్తాయి. 'దమ్ము ఆడుతలేదు' అన్నా, 'సాఁస్ ఫూల్ రహీ హై' అన్నా వెంటనే మంచం దగ్గరికి వెళ్లవలసిందేనని ఇక్కడి సిస్టర్లకు తెలుసు.

ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్తు కింద పనిచేస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో విడిగా కొనసాగుతోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కన్నా పైన, జిల్లా ఆసుపత్రి కన్నా కింద ఉండే ఈ స్థాయిలో పిల్లల డాక్టరు, ఆక్సిజన్, ల్యాబు, ఎక్స్‌రే ఉంటాయి. వెంటిలేటర్లతో కూడిన పూర్తిస్థాయి పిల్లల ఐసీయూ సాధారణంగా ఉండదు. దానికోసం సంగారెడ్డికో హైదరాబాద్‌కో వెళ్లాలి. 2022లో వైద్య కళాశాల రావడంతో సంగారెడ్డి ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. హైదరాబాద్‌లో పిల్లలకు పెద్ద దిక్కు నిలోఫర్. తన పరిచారిక ప్రసవంలో చనిపోవడం చూసి చలించిపోయిన నిజాం కోడలు నిలోఫర్ రాకుమారి చొరవతో వచ్చిన ఆ ఆసుపత్రి 1953 నుంచి పనిచేస్తోంది. జహీరాబాద్ నుంచి అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు.

ఈ దూరమే వార్డు నర్సు బాధ్యతను పెంచుతుంది. రెఫర్ చేయాలని నిర్ణయించిన క్షణం నుంచి పిల్లవాడు పై ఆసుపత్రి చేరేదాకా రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఈ ప్రయాణాన్ని ఎంతో మెరుగుపరిచింది. అయితే అంబులెన్సు ఎక్కించే ముందు పిల్లవాడిని నిలకడకు తేవలసింది వార్డే. ఆక్సిజన్ సిలిండరు దారి పొడవునా సరిపోతుందా, సెలైన్ సూది గట్టిగా ఉందా, ఫిట్స్ మందు ఎప్పుడు ఎంత ఇచ్చారు, చివరిసారి షుగర్ ఎంత ఉంది అన్నవి రెఫరల్ కాగితంలో లేకపోతే అవతలి డాక్టరు మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి.

పిల్లల శరీరం తీరు

పెద్దల వార్డులో పనిచేసిన అనుభవం పిల్లల వార్డులో కొంతవరకే అక్కరకు వస్తుంది. పెద్దవాళ్లలో గుండె ఆగడానికి తరచూ గుండె జబ్బే కారణం. పిల్లల్లో ఎక్కువగా ముందు ఊపిరి దెబ్బతింటుంది, లేదా ఒంట్లో నీరు, రక్తప్రసరణ తగ్గిపోతాయి. ఆ తర్వాతే గుండె ఆగుతుంది. అంటే ప్రమాదానికి ముందు హెచ్చరించే గడువు ఒకటి ఉంటుంది. ఆ గడువులో పసిగట్టినవాళ్లే పిల్లవాడిని కాపాడగలరు.

అయితే ఆ గడువులో పిల్లల శరీరం మోసం చేస్తుంది. షాక్‌లోకి జారుతున్న పిల్లవాడి రక్తపోటు చాలాసేపు మామూలుగానే ఉంటుంది. రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగంగా కొట్టుకుని దాన్ని నిలబెడతాయి. ఇక చేతకానప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. బీపీ బాగుందన్న భరోసా అందుకే పనికిరాదు. పాదాలు చల్లగా ఉన్నాయా, గోరు మీద నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి మూడు సెకన్లలోపు రంగు తిరిగి వచ్చిందా, నాడి బలహీనంగా ఉందా, మూత్రం ఎప్పుడు పోశాడు, తల్లిని గుర్తుపడుతున్నాడా అన్నవి చూడాలి. వేగంగా కొట్టుకుంటున్న గుండె, పిల్లవాడు కోలుకోకుండానే నెమ్మదిస్తే అది ప్రాణాపాయం. ఏడ్చి ఏడ్చి మాట్లాడకుండా పడుకున్న పిల్లవాణ్ని చూసి ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అనుభవమున్న నర్సు అప్పుడే దగ్గరికి వెళ్లి చూస్తుంది.

ఊపిరి లెక్క

వార్డులో అన్నిటికన్నా విలువైన కొలత ఊపిరి లెక్క. తరచుగా అంచనా మీద రాసేసేదీ అదే. సరిగ్గా లెక్కించాలంటే చొక్కా పైకెత్తి ఛాతీ, పొట్ట కనబడేలా చేసి, పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిపిల్లల ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండు నెలల లోపు పిల్లల్లో నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే అది వేగమైన ఊపిరి. దానితో పాటు డొక్కలు లోపలికి పీల్చుకుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు, పాలు తాగలేకపోవడం ఉంటే తీవ్రమైన న్యుమోనియాగా చూడాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు గొప్ప సాయం. కానీ చల్లబడ్డ పాదం మీదా, కదిలే కాలి మీదా అది తప్పు చెబుతుంది. తెర మీది నాడి, చేత్తో పట్టి చూసిన నాడి ఒకటేనా అని సరిచూసుకున్నాకే ఆ అంకెను నమ్మాలి.

ఇలాంటి కొలతలకు మార్కులు వేసి, మొత్తం ఒక హద్దు దాటితే డాక్టరును పిలిచే పద్ధతులు 2000 తర్వాతి సంవత్సరాల్లో బ్రిటన్, కెనడాల్లో రూపొందాయి. వీటినే పిల్లల ముందస్తు హెచ్చరిక స్కోర్లు అంటారు. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఏడు దేశాల్లోని 21 ఆసుపత్రుల్లో అలాంటి స్కోరును పరీక్షించింది. దాని వాడకం వల్ల మొత్తం మరణాలు తగ్గినట్టు తేలలేదు. ఆ ఫలితాన్ని స్కోరు దండగ అన్న అర్థంలో తీసుకోనక్కరలేదు. అక్కడి ఆసుపత్రుల్లో మరణాలు ముందే చాలా తక్కువ. అయితే కాగితం ఒక్కటే పిల్లవాణ్ని కాపాడదన్నది మాత్రం దాంతో స్పష్టమైంది. స్కోరు చూసి పిలిచే స్వేచ్ఛ నర్సుకు ఉండాలి, పిలిస్తే వచ్చేవాళ్లు ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేస్తే విసుక్కునే డాక్టరు ఉన్నచోట ఏ స్కోరూ పనిచేయదు. 'ఎందుకో ఈ పాప బాగాలేదనిపిస్తోంది సార్' అన్న అనుభవజ్ఞురాలి మాటను కూడా ఒక కొలతగానే తీసుకోవాలి.

సూది, సెలైన్, ఆక్సిజన్

నిర్జలీకరణతో వాడిపోయిన ఏడాది పిల్లకు సూది ఎక్కించడం పిల్లల వార్డులో అన్నిటికన్నా కష్టమైన చేతి పని. పసుపు రంగు ఇరవై నాలుగు గేజీ క్యాన్యులా, చేతి వెనక నీలంగా కనీ కనబడని నరం, బయట తలుపు పట్టుకుని ఏడ్చే తల్లి ఆ సమయంలో నర్సు ముందుంటాయి. ఎక్కిన సూది ఊడిపోకుండా చేతికి స్ప్లింటు కట్టి, వేళ్ల చివర్లు కనబడేలా ప్లాస్టరు వేయాలి. వేళ్లు ఉబ్బాయా, నల్లబడ్డాయా అని షిఫ్టులో పలుమార్లు చూడాలి.

ఎక్కించే సెలైన్ బరువును బట్టి ఉంటుంది. 1957లో హాలిడే, సెగార్ అనే అమెరికా వైద్యులు ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి పది కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తర్వాతి పది కిలోలకు 50, ఆపైన 20 చొప్పున రోజు మొత్తానికి లెక్కిస్తారు. పది కిలోల పిల్లకు రోజుకు ఒక లీటరు. పెద్దల సెట్టుతో వదిలేస్తే ఆ లీటరు గంటా రెండు గంటల్లో లోపలికి పోగలదు. అందుకే పిల్లలకు మైక్రో డ్రిప్ సెట్టు, కొలత గీతలున్న బ్యూరెట్ వాడతారు. మైక్రో డ్రిప్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. కాబట్టి నిమిషానికి ఎన్ని చుక్కలు పడితే గంటకు అన్ని మిల్లీలీటర్లు వెళ్తున్నట్టు. పంపు లేని వార్డులో నర్సుకు ఈ లెక్కే ఆధారం.

సెలైన్ ఎక్కువైతే వచ్చే నష్టాన్ని 2011లో కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జరిగిన ఫీస్ట్ పరిశోధన ప్రపంచానికి చూపింది. జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లల మీద ఇది జరిగింది. వేగంగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో సుమారు 10.5 శాతం మంది 48 గంటల్లో చనిపోగా, అలా ఎక్కించనివాళ్లలో 7.3 శాతం మంది చనిపోయారు. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవాళ్లను ఆ పరిశోధనలో చేర్చలేదు. వాళ్లకు సెలైన్ ప్రాణదాతే. కాబట్టి ఎవరికి వేగంగా, ఎవరికి నిదానంగా అన్నది డాక్టరు నిర్ణయమైనా, ఎక్కుతున్నప్పుడు ఆయాసం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో గరగర వినబడుతోందా, కాలేయం కిందికి దిగిందా అని మళ్లీ మళ్లీ చూసి ఆపమని చెప్పవలసింది పక్కనున్నవాళ్లే.

డెంగ్యూలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య తగ్గుతున్నప్పుడే రక్తనాళాల నుంచి ప్లాస్మా కారడం మొదలవుతుంది. ఆ 24 నుంచి 48 గంటలే గండం. జ్వరం తగ్గింది, ఇంటికి పంపండని తల్లిదండ్రులు ఒత్తిడి చేసేదీ సరిగ్గా అప్పుడే. పొట్టనొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే హెచ్చరిక. పై బీపీకీ కింది బీపీకీ తేడా 20కి గానీ అంతకంటే కిందికి గానీ తగ్గితే షాక్ మొదలైనట్టే. ఇంట్లో అందరూ ప్లేట్‌లెట్ల అంకెనే అడుగుతారు. వార్డులో అంతకన్నా ముఖ్యంగా చూడవలసినవి హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), మూత్రం. గండం గడిచాక కారిన ప్లాస్మా వెనక్కి వస్తుంది. అప్పుడు కూడా పాత వేగంలోనే సెలైన్ ఎక్కుతుంటే ఊపిరితిత్తులు నిండిపోతాయి.

మందుల్లో పొరపాట్లకు పిల్లల వార్డు ఎక్కువ అవకాశమిస్తుంది. ప్రతి మోతాదూ బరువుతో లెక్కించాలి, పెద్దల వయల్ నుంచి కొద్దిగా తీసి పలచబరచాలి. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ను కలపకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని మిగతా ఆంపూల్స్ ట్రేలో ఉంచకూడదు. ఇలాంటి మందులను ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కించి సరిచూసుకోవడం మంచి పద్ధతి. రాత్రి వార్డులో ఒక్కరే ఉంటే ఆ రెండో మనిషి దొరకరు.

చేల నుంచి వచ్చే కేసులు

ఎర్ర తేలు కుట్టిన పిల్లవాడికి మొదటి గంటల్లో నొప్పి కన్నా చెమటలు, వాంతులు, చల్లబడ్డ కాళ్లూ చేతులూ ముఖ్యమైన గుర్తులు. విషం వల్ల గుండె మీద భారం పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే చవకైన బీపీ మాత్రను దీనికి వాడి చూపారు. ఆ వైద్యం వచ్చాక ఈ మరణాలు బాగా తగ్గాయి. పెద్ద పరికరాలు లేని పల్లె ఆసుపత్రి నుంచి వచ్చి లోకమంతా స్వీకరించిన వైద్యం ఇది. జహీరాబాద్ లాంటి చోట్లకు సరిగ్గా సరిపోతుంది. కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున మూడు గంటలకోసారి, కాళ్లూ చేతులూ వెచ్చబడేదాకా ఇస్తారు. మొదటి మోతాదు తర్వాత బీపీ పడిపోవచ్చు కనుక పిల్లవాణ్ని ఎత్తుకోకుండా పడుకోబెట్టే ఉంచాలి. ఈ మాట తల్లికి నచ్చజెప్పడం నర్సు పని.

పాము కాటులో రక్తం గడ్డకడుతోందో లేదో తెలుసుకునే పరీక్ష మంచం పక్కనే జరుగుతుంది. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. సబ్బుతో కడిగిన గొట్టం వాడితే ఫలితం తప్పుతుంది. ఈ చిన్న విషయం తెలియక విరుగుడు మందు అనవసరంగా ఎక్కించే ప్రమాదముంది. విరుగుడు పిల్లలకూ పెద్దల మోతాదులోనే ఇస్తారు, ఎందుకంటే పాము వదిలే విషం మనిషిని బట్టి తగ్గదు. ఎక్కించేటప్పుడు అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. పురుగుమందు, కిరోసిన్ తాగిన పిల్లలూ ఇలాగే వస్తారు. కిరోసిన్ తాగితే వాంతి చేయించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు.

బాగా చిక్కిపోయిన పిల్లల కథ వేరు. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్న పిల్లల్లో న్యుమోనియా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు చల్లబడటం, షుగర్ పడిపోవడం వాళ్లను రాత్రిపూట బలితీసుకుంటాయి. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, కొంచెం కొంచెం పాలు పట్టడమే అసలైన వైద్యం. మందుల కన్నా ఓపిక ఎక్కువ కావలసిన పని ఇది.

తల్లి, అటెండెంట్లు

యూరప్ ఆసుపత్రుల్లో చాలాకాలం తల్లిని పిల్లల వార్డులో ఉండనిచ్చేవారు కాదు. వారానికి కొన్ని గంటలే చూడనిచ్చేవారు. తల్లికి దూరమైన పిల్లల బాధను జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో సినిమా తీసి చూపాకా, ఆసుపత్రుల్లో పిల్లల సంక్షేమం మీద 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాకా బ్రిటన్‌లో ఆ పద్ధతి మారింది. మన ఆసుపత్రుల్లో తల్లి మొదటినుంచీ మంచం మీదే ఉంది. అది మన వార్డుల బలం. ఆక్సిజన్ గొట్టం పీకేసుకోకుండా పట్టుకునేది, పాలు పట్టేది, పిల్లవాడు మారిపోయాడని ముందు చెప్పేది ఆమే. అయితే నర్సుల కొరతను తల్లుల చేత పూడ్చడం అన్యాయం. ముక్కు గొట్టంలో పాలు పోయడం తల్లికి నేర్పవచ్చు. ఆ గొట్టం కడుపులోనే ఉందని ప్రతిసారీ నిర్ధారించుకునే బాధ్యత మాత్రం నర్సుదే.

నిర్ణయాలు చాలా ఇళ్లలో తల్లి చేతిలో ఉండవు. హైదరాబాద్ తీసుకెళ్లాలంటే తండ్రి రావాలి, అత్తమామలు ఒప్పుకోవాలి, బండి ఖర్చు పుట్టాలి. ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్లు దొరకాలి. ఇవన్నీ తెలిసిన నర్సు పరిస్థితి విషమించకముందే తండ్రికి ఫోన్ చేయించి ఉంచుతుంది.

నయం కాని జబ్బులు, మరణం

పుట్టుకతో వచ్చిన మెదడు దెబ్బ, ముదిరిన క్యాన్సర్, సరిచేయలేని గుండె లోపం ఉన్న పిల్లలు మళ్లీ మళ్లీ అదే వార్డుకు వస్తారు. వాళ్లకు కావలసింది నొప్పి తగ్గడం, ఆయాసం తగ్గడం, తల్లిదండ్రులకు నిజం నెమ్మదిగా చెప్పే మనిషి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల ఉపశమన వైద్యం చాలా ఏళ్లుగా సాగుతోంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో జిల్లాల్లోనూ ఉపశమన కేంద్రాలు వచ్చాయి. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ పిల్లలకు సరైన మోతాదులో సురక్షితమన్న అవగాహన మామూలు వార్డులకు ఇంకా చేరవలసి ఉంది.

పిల్లవాడు చనిపోయినప్పుడు వార్డు నర్సుకు దుఃఖపడే వ్యవధి దొరకదు. గొట్టాలు తీసి, ఒళ్లు తుడిచి, తల్లి చేతికిచ్చి, కాగితాలు పూర్తిచేసి, పక్క మంచం మీది పిల్లకు ఆలస్యమైన సూది ఇవ్వాలి. కోపంతో ఉన్న బంధువుల ముందు మొదట నిలబడేదీ ఆమే. వైద్య సిబ్బంది మీద దాడులను నేరంగా చూసే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. కానీ మరణం తర్వాత నర్సులతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు చాలా ఆసుపత్రుల్లో లేదు. దీనికి డబ్బు పెద్దగా అక్కరలేదు. మరుసటి రోజు ఓ అరగంట చాలు.

శిక్షణ, సంఖ్య

జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. రెండింటిలోనూ పిల్లల నర్సింగ్ ఒక పాఠ్యాంశం మాత్రమే. వార్డులోకి వచ్చాక నేర్చుకునేదే ఎక్కువ. ఆసుపత్రి స్థాయి పిల్లల వైద్యానికి 2009లో వచ్చిన ఎఫ్-ఐఎంఎన్‌సీఐ శిక్షణ డాక్టర్లతో పాటు నర్సులకూ ఉద్దేశించినది. 2021లో కేంద్రం ప్రారంభించిన 'ముస్కాన్' కార్యక్రమం ప్రభుత్వ పిల్లల వార్డులకు నాణ్యతా ప్రమాణాలు పెట్టింది. శిక్షణ పొందిన నర్సును మూడు నెలలకే ఆపరేషన్ థియేటర్‌కో ప్రసూతి వార్డుకో మార్చేస్తే ఆ ఖర్చంతా వృథా. పిల్లల వార్డు సిబ్బందిని కొన్నేళ్లపాటు కదపకపోవడం ఏ పరికరం కొనడం కన్నా మేలు చేస్తుంది.

భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనేతర ఆసుపత్రి సాధారణ వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి, సెలవుల కోసం అదనంగా మరో 30 శాతం మంది కావాలి. ఐసీయూలో ఒకరికి ఒకరు. వార్డులోని తీవ్ర అనారోగ్య శిశువు ఈ రెండు లెక్కల మధ్య నలిగిపోతుంది. ముప్పై మంచాల వార్డులో ఆరుగురు పిల్లల్ని గంటగంటకూ చూడవలసి వచ్చిందనుకుంటే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టినా ప్రతి గంటలో అరగంట దానికే పోతుంది. మిగతా అరగంటలో ఇరవై నాలుగు మంది మందులు, కొత్త అడ్మిషన్లు, రిజిస్టర్లు, ఊడిపోయిన సూదులు చూసుకోవాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం జరిపి 2002లో వెలువరించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స రోగుల మరణ ప్రమాదం 7 శాతం చొప్పున పెరిగింది. అది పెద్దల లెక్క. మాట్లాడలేని పసిపిల్లల విషయంలో ప్రమాదం అంతకన్నా తక్కువని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

2020 నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల మరణాలు ప్రతి వెయ్యి జననాలకు దేశంలో 32, తెలంగాణలో 23. ఇంకా తగ్గించాలంటే జిల్లా, ఏరియా ఆసుపత్రుల వార్డుల్లోనే తగ్గాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి చివర దాదాపు ఏడు వేల మంది నర్సులకు నియామక పత్రాలిచ్చింది. చాలా ఏళ్ల కొరతకు అది పెద్ద ఊరట. ఇకనైనా పిల్లల వార్డులో నర్సుల సంఖ్యను మంచాల లెక్కన కాక, గంటగంటకూ చూడవలసిన పిల్లల లెక్కన నిర్ణయించాలి. ఆ మార్పు రాత్రి షిఫ్టుతో మొదలు కావాలి.